గోడకు నీళ్ళు పట్టినవాడు

గురునాథరావుకి మనుషుల మీద నమ్మకం లేదు గానీ, గోడల మీద ఉండేది. మనిషి నోరు తెరిస్తే సగం అబద్ధమనీ, గోడతో ఆ బెడద లేదనీ ఆయన వాదన. వేలి కణుపుతో రెండు దెబ్బలు తట్టి, ఇందులో కాంట్రాక్టరు ఎంత సిమెంటు మింగాడో చెప్పేసేవాడు. ఉక్కు కర్మాగారం పునాదులు లేస్తున్న రోజులవి. ఆయన అక్కడ సివిల్ పనుల మీద సూపర్‌వైజరు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి రెండేళ్ళు దాటినా విశాఖపట్నం ఇంకా ఆయన పెట్టిన పరీక్ష పాసు కాలేదు. ఇక్కడి కూరల్లో కారం లేదు, మేస్త్రీలకు చెయ్యి కుదరదు, భాషకు ఒక పద్ధతంటూ లేదు. అన్నిటికంటే ఆయన ఒళ్ళు మండించేది 'బావా' అన్న పిలుపు. టీకొట్టు దగ్గర ముక్కూమొహం తెలియనివాడు 'ఏటి బావా' అని పలకరిస్తే, "నీ చెల్లెల్ని నాకిచ్చావుటయ్యా?" అని నిలదీసేవాడు. వాళ్ళు పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు చూసి ఈయనకి ఇంకా మండేది.

కంపెనీ క్వార్టరు చేతికొచ్చేదాకా తల దాచుకోవడానికి మల్కాపురంలో కాశమ్మ ఇల్లు దొరికింది. పాత పెంకుటిల్లు. ముందు గదులు వీళ్ళకి, వెనక గది కాశమ్మకి. గాలి ఇటు తిరిగితే రిఫైనరీ వాసన, అటు తిరిగితే పోర్టు వైపు నుంచి ఎర్రటి ఇనపరాతి దుమ్ము. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి కావిరంగు పట్టేవి. ఇవన్నీ గురునాథరావు ఈ ఊరి ఖాతాలోనే రాసుకున్నాడు.

ఇల్లు ఇచ్చేటప్పుడు కాశమ్మ ఒక్క షరతు పెట్టింది. పడకగది గోడలో నడుమెత్తున ఒక గూడు ఉంది. దాన్నిండా పట్టేటంత మట్టిముంత, ముంతనిండా మంచినీళ్ళు.

"ఈ ముంత కదపకు బాబూ. సందేల నానొచ్చి నింపుకుంటాను. మా మావ తవిటయ్య పోర్టు పడవల మీద పనిసేసీవోడు. తుపాను రోజు ఓడలొచ్చే సానల్లో పడిపోనాడు. సెవం దొరకలేదు. ఉప్పునీల్లల్లో ఉన్నోడికి దాహం తీరదు గదా. సందేల వొచ్చి తాగి పోతాడు."

"తాగుతాడూ?"

"రోజూ కాలీయే బాబూ." మొగుడి మాటకి ఆమె మొహంలో చిన్న సిగ్గు కూడా కనిపించింది. "మంచోడు. అందర్నీ బావా బావా అని తిరిగీవోడు."

గురునాథరావు పెదవి విరిచాడు. మట్టిముంత ఊరుతుంది, ఇటుక పీలుస్తుంది. ఈ మాత్రం తెలియక ఇన్నేళ్ళుగా ముసల్ది గోడతో కాపురం చేస్తోంది! అద్దె తక్కువ కాబట్టి నవ్వు లోపలే ఆపుకున్నాడు.

శ్రావణం వచ్చేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. గూడు కింద గోడ చెమ్మగిల్లి, సున్నం పొక్కులు లేచి, పెచ్చులూడటం మొదలైంది. ఆ చెమ్మకి ఎదురుగా పాప ఉయ్యాల. పేరు తాయారు. పెళ్ళయిన చాలా కాలానికి పుట్టిన పిల్ల, అప్పటికి ఏడాది నిండలేదు. ఈ ఊళ్ళో గురునాథరావు వంక పెట్టని ప్రాణి ఏదైనా ఉంటే అది తాయారొక్కతే. ఆ పిల్ల గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. రాత్రంతా భార్య గంగాభవాని భుజాన వేసుకుని తిరిగేది. డాక్టరు స్టెతస్కోపు తీసేసి, ముందు గోడైనా ఆరబెట్టండి, ఇల్లైనా మారండి, ఈ వర్షాకాలం ఇలాగే గడిస్తే పిల్ల తట్టుకోలేదు అన్నాడు.

ఇల్లు మారడమంటే గోడకి ఓడిపోవడం. గురునాథరావు ఓడిపోయే రకం కాదు.

ముందు పెంకులు ఎక్కి చూశాడు. కారడం లేదు. వెనక తూము చూశాడు. నీళ్ళు చక్కగా పోతున్నాయి. సైటు నుంచి ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క తెచ్చి, నాలుగంచులా తారు పూసి చెమ్మ మీద అతికించాడు. పొద్దున్నకి నీటిబొట్లు కాగితం పైన లేవు, కిందనే ఉన్నాయి. అంటే గాలిలో తేమ కాదు, గోడలోంచే వస్తోంది. ఇక మిగిలింది ముంత. కాశమ్మ నింపి వెళ్ళాక బట్టలకి పెట్టే నీలిమందు అందులో కలిపాడు. మర్నాటికి గూడు కింద చెమ్మ చారలు చారలుగా నీలంగా తేలింది.

"చూశావా? దెయ్యం సంగతి తేలిపోయింది" అని భార్యని పిలిచి చూపించాడు.

గంగాభవాని చారల వైపు చూడలేదు. ముంతలోకి చూసింది. "గోడ తాగింది ఈ కాస్తేగా. ముంత మొత్తం ఖాళీగా ఉందేమండీ?"

"ఆవిరైంది" అన్నాడు గురునాథరావు. ముసురుపట్టిన శ్రావణంలో ముంతెడు నీళ్ళు ఆవిరవుతాయని సైటులో ఎవడైనా అనుంటే ఆయన వాడి తాట తీసుండేవాడు.

సాయంత్రం కాశమ్మ వచ్చి, ముంత అడుగున నీలం చూసి కొయ్యబారిపోయింది. పెరట్లోకి పట్టుకెళ్ళి తోమిందే తోమింది, కడిగిందే కడిగింది. "నా మావకి ఏటి తాగించినావు బాబూ..." అంటూ ఏడ్చింది. గురునాథరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే పద్మనాభం అనే ఊరి నుంచి కబురొచ్చింది, కాశమ్మ అక్కకి జబ్బు చేసిందని. వెళ్తూ వెళ్తూ ముంత నింపే పని గంగాభవానికి అప్పజెప్పింది. "తల్లీ, మరిసిపోకు. సందేల దాటనీకు" అని చేతులు పట్టుకుంది. గంగాభవాని సరేనంది. బస్సు మలుపు తిరిగిందో లేదో, గురునాథరావు సుత్తీ తాపీ బయటికి తీశాడు.

ముంతని వీధి కాలవ రాయికేసి కొట్టాడు. అది ముక్కలైంది. గూడు నిండా ఇటుకలు బిగించాడు. పాడైన సున్నమంతా ఇటుక కనపడేదాకా చెక్కేసి, జల్లించిన ఏటి ఇసకలో సిమెంటు తానే కలిపి, చెమ్మ పట్టకుండా పొడి చేర్చి, అద్దంలా నున్నగా ప్లాస్టరింగ్ చేశాడు. పక్కింటి అప్పలసూరి పోర్టులో కలాసీ. ఇటుకలు అందించడానికి వచ్చినవాడు గుమ్మంలోనే ఆగాడు.

"మా తవిటయ్య గూడు మూసెత్తన్నావేటి బావా?"

"ఇంకోసారి బావా అంటే నీ నోరు కూడా మూసేస్తాను" అన్నాడు గురునాథరావు. అప్పలసూరి నవ్వలేదు. ఇటుకలు గుమ్మంలోనే దింపి వెళ్ళిపోయాడు.

కొత్త సిమెంటుకి నీళ్ళు పట్టాలి. పట్టకపోతే బీటలిస్తుంది. ఈ ఊరి మేస్త్రీలు దొంగతనం చేసేది అక్కడే. గురునాథరావు మాత్రం పొద్దునా సాయంత్రమూ బకెట్టు పెట్టుకుని మగ్గుతో గోడకి నీళ్ళు కొట్టాడు. గోడ ఇట్టే పీల్చేసేది. పీల్చేటప్పుడు లోపల చిన్న చప్పుడు... గుటక వేసినట్టు.

"ఏమిటండీ అది?" అంది గంగాభవాని.

"సందుల్లో గాలి. కొత్త ప్లాస్టరింగ్ అలాగే తాగుతుంది."

పది రోజులు నీళ్ళు పట్టాడు. పిల్లికూతలు తగ్గాయి. పాప నవ్వింది. క్యూరింగ్ పూర్తయిన రోజు బకెట్టు పక్కన పడేసి, గోడ మీద చెయ్యి ఆనించి చూసుకున్నాడు. మూడోనాటికి గోడ ఎముకలా ఆరింది. గాలి తగలకుండా ఉంటుందని ఉయ్యాలని ఆ గోడకే దగ్గరగా జరిపించాడు. "కాశమ్మ వచ్చాక చూపిస్తాను, ఎవడి దాహం ఎలా తీరుతుందో" అని అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గంగాభవాని వంటింట్లోంచి పిలిచింది. "రాత్రి నింపిన మంచినీళ్ళ కుండలో చుక్క లేదండీ."

"కారుతోందేమో. ఈ ఊరి కుమ్మరి ఈ ఊరివాడేగా."

"కింద తడి లేదు."

సాయంత్రానికి బిందె కూడా ఖాళీ. ఆయన అడుగున వేలితో రాసి చూశాడు. ఇత్తడి పొడిగా ఉంది. బావిగిలక దగ్గర ఎవరో వాడేసుంటారని తేల్చేశాడు. ఆమె అక్కడే నిలబడి, గొంతు తగ్గించి, "పాప పొద్దుట్నుంచి గుడ్డలు తడపలేదు" అంది.

"మంచిదేగా. నీకు చాకిరీ తగ్గింది" అన్నాడు గురునాథరావు. తర్వాత రోజుల్లో ఎన్నో మాటలు మర్చిపోయాడు గానీ, ఈ మాట మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ మర్నాడు సైటు నుంచి వచ్చేసరికి సందె పడింది. పగలంతా వాన కురిసి అప్పుడే ఆగింది. కరెంటు లేదు. గుమ్మంలోకి రాగానే వాసన తగిలింది. రిఫైనరీది కాదు. పోటు వెనక్కి తీశాక రేవులో బయటపడే నల్లబురద వాసన... అందులో కుళ్ళిన తాడు వాసన కలిసినట్టు. ఇల్లంతా అదే.

గంగాభవాని లాంతరుతో ఎదురొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది.

"తొట్టిలో కూడా లేవండీ. అంత వాన కురిసింది, పెరట్లో తొట్టి ఎండిపోయి ఉంది. పాపకి పాలు పడుతూనే ఉన్నాను. తాగుతూనే ఉంది. అయినా..." ఆమె ఉయ్యాల వైపు చూపించింది. "ఏడుస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు రావడం లేదు."

ఆయన లాంతరు లాక్కుని ఉయ్యాల మీదికి వంగాడు. పాప పెదాలు పగిలి ఉన్నాయి. మాడు గుంటపడింది. నుదుటి మీద తెల్లగా ఏదో పొడి. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పు. పాత గోడలకి చౌడు పట్టినట్టు పిల్లకి పట్టింది.

"పరిగెత్తు. అప్పలసూరి ఇంట్లో నీళ్ళు తీసుకురా. రిక్షా పిలవమను."

ఆమె వెళ్ళింది. గది నిశ్శబ్దమైంది. పాప ఏడుపు ఆగింది. ఆగడంతో ఇంకా భయం వేసింది.

అప్పుడు వినిపించింది.

గుటక.

గోడలోంచి.

లాంతరు ఎత్తాడు. ఎముకలా ఆరిన గోడ. తడి జాడ లేదు. పాప తల ఎత్తున... ఆయన చేత్తో నున్నగా తీర్చిన ప్లాస్టరింగ్ మీద... నీలంగా ఒక మరక. రెండు పెదాలు ఆనించి తీసినట్టు ఉంది. సరిగ్గా మూసేసిన గూడు ఉన్నచోట.

గుటక.

పాప పెదాలు ముడుచుకున్నాయి.

పిల్లని గుండెకి హత్తుకుని వీధి గుమ్మం దాకా ఉరికాడు. ఆ చప్పుడు దూరం కాలేదు. చెవి పక్కనే... గుటక. అరుగు మీదికి దిగాడు. గుటక. పాప ఒళ్ళు ఎండుటాకులా తేలికైపోతోంది. వీధిలో నడుస్తున్నవాళ్ళెవరూ తల తిప్పి చూడలేదు. వాళ్ళకి వినపడటం లేదు.

వెనక్కి పరిగెత్తాడు. పిల్లని మంచం మీద పడుకోబెట్టి సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బకి సుత్తి తిరిగొచ్చింది. రెండో దెబ్బకి చెయ్యి జుమ్మంది. ప్లాస్టరింగ్ చెక్కు చెదరలేదు. ఇసక జల్లించి, పాళ్ళు చూసి, పది రోజులు నీళ్ళు పట్టిన గోడ అది. గురునాథరావుకి జన్మలో మొదటిసారి కల్తీ సిమెంటు కావాలనిపించింది. ఇదే ఈ ఊరి మేస్త్రీ ఎవడో చేసుంటే ఈపాటికి రాలిపోయుండేది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక తనని తానే బూతులు తిట్టుకుంటూ కొట్టాడు. వేళ్ళు చిట్లాయి. కొట్టాడు...

పెచ్చు ఊడింది. ఒక ఇటుక లోపలికి పడింది. పడిన చప్పుడు కాలేదు.

గూడు నిండా ఇటుకలు బిగించింది తనే. అయినా ఆ కన్నంలో చీకటి తప్ప ఏమీ లేదు. బురద వాసన ముఖాన కొట్టింది. చెయ్యి దూర్చాడు. వేళ్ళకి గుండ్రంగా, చల్లగా, గరుగ్గా ఏదో తగిలింది. నిలబెట్టి ఉంది. మట్టిముంత. తన చేత్తో కాలవ రాయికేసి పగలగొట్టిన ముంత. లోపల వేలు పెట్టి చూశాడు. అడుగు ఎండిపోయి ఉంది.

గంగాభవాని అప్పుడే చెంబుతో లోపలికొచ్చింది. ఆయన చెంబు లాక్కుని, కన్నంలోంచి చేత్తో తడుముకుంటూ ముంతలో పోశాడు. తొందరలో సగం గోడ మీద ఒలికాయి. చెంబు ఖాళీ అయింది.

"తాగు..." అన్నాడు. అది ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు. "తాగు, నీకు దణ్ణం పెడతాను. పిల్లని వదులు."

లోపల ఒకే ఒక్క పెద్ద గుటక. తర్వాత నిట్టూర్పు. పనిలోంచి ఇంటికొచ్చి నీళ్ళు తాగిన మగాడు తీసే నిట్టూర్పు.

మంచం మీద పాప కేరుమంది. ఆయన ఎత్తుకున్నాడు. చెంపల మీద కన్నీళ్ళు జారాయి. మరుక్షణం ఆయన చొక్కా వెచ్చగా తడిసింది. గురునాథరావు ఆ తడి చొక్కాతోనే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తెల్లవారాక సామాను సర్దుకున్నారు. క్వార్టరు తాళాలకోసం ఆయన ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో గానీ, ఆ వారానికే చేతికొచ్చాయి. అందాకా సందె పడితే ముంత నింపింది ఆయనే. బండి ఎక్కిస్తుంటే కాశమ్మ పద్మనాభం నుంచి దిగింది. గోడ చూసింది. ముంత దింపి, కడిగి, నింపి పెట్టింది. సాయంత్రం దాటేదాకా దాని ఎదురుగానే కూర్చుంది. ఆఖరి విడత సామానుకి వచ్చిన గురునాథరావుకి ముంత చూపించింది. నిండుగా ఉంది. చుక్క తగ్గలేదు.

"నా మావ ఇంక రాడు బాబూ" అంది కాశమ్మ. కళ్ళు పొడిగా ఉన్నాయి. "నీ సేత్తో తాగినాడు గదా. ఏల్ల తరబడి నాను పోసిన నీల్లకి నువ్వొచ్చి అడ్డంపడ్డావు. ఎల్లు."

పోయిన ప్రాణం లేచొచ్చేసరికి గురునాథరావుకి పాత నోరు కూడా లేచొచ్చింది. "గోడలో సందుందమ్మా, అది పూడ్చుకో" అని వచ్చేశాడు. పిల్లకి వాంతులు, విరోచనాలు అయ్యుంటాయనీ, లాంతరు వెలుగులో నీడలు చూసి బెదిరామనీ భార్యకి చెప్పాడు.

కొత్త క్వార్టరు పక్కాగా ఉంది. మేడ మీది ఇల్లు, ఆర్‌సీసీ శ్లాబు, ఎక్కడా గూళ్ళు లేవు. గోడలు తట్టి చూసుకుని తృప్తిపడ్డాడు. ఆ తృప్తి వారం కూడా నిలవలేదు. ఒక పొద్దున్న కూజా ఖాళీగా కనిపించింది. ఆ సాయంత్రం గురునాథరావు, భార్య చూడకుండా, మగ్గు నీళ్ళు తీసుకుని పడకగది గోడ మీద పోశాడు.

ఆనాటి నుంచి రోజూ అంతే. సందె పడితే ఎక్కడున్నా ఇంటికి ఉరకాలి. డ్యూటీలు మార్పించుకున్నాడు. సినిమాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు, సొంత ఊరు లేదు. కట్టి ఏడాదైన గోడకి క్యూరింగ్ చేసే సూపర్‌వైజరని సైటులో కథలు చెప్పుకున్నారు. ఒకప్పుడు తను మేస్త్రీల మొహాన పారేసిన నవ్వులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా ఏరుకుంటున్నాడు. ఆయన్ని కాల్చుకు తినేది ఆ నవ్వులు కావు. ఎన్ని మగ్గులు పోసినా ఆ గోడ తడవదు. నేల మీదికి చుక్క జారదు. ఒక్క చారైనా, చిన్న చెమ్మైనా కనిపిస్తే చాలని, చెమ్మ కోసం, అరచేత్తో గోడంతా తడుముకునేవాడు.

తాయారుకి రెండో ఏడు వచ్చింది. నడుస్తోంది. అమ్మా, నాన్నా, పాలు... అంతవరకే మాటలు. ఆ సాయంత్రం మంచి ముసురు. గంగాభవాని వంటింట్లో ఉంది. గురునాథరావు మగ్గులో నీళ్ళన్నీ గోడ మీద పోసి, ఖాళీ మగ్గు కింద పెట్టి, ఎప్పటిలాగే అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది.

మంచం మీద ఆడుకుంటున్న పాప ఆట ఆపింది. తల తిప్పి ఆయన్ని చూసింది. పెదాల మీద పల్చటి నీలం.

"సాలదు బావా" అంది తాయారు. "ఇంకొంచెం పొయ్యి."